ఏడుకు ఆరు: హాలీ రూపాయి, కల్దారు రూపాయి



ఎవరి స్మృతిలో ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా వాణిజ్య గణితం బోధించారు. భాగహారంలో మిగిలిన శేషం ఎవరి ఖాతాలో పడిందో చెప్పేదాకా ఆయన లెక్కను పూర్తికానిచ్చేవారు కాదని శిష్యులు ఇప్పటికీ తలచుకుంటారు. అందుకే ఈ సభకు అలాంటి శేషం ఒకటి ఉన్న లెక్కనే ఎంచుకున్నాను. అది హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా రూపాయికీ, బ్రిటిష్ ఇండియా రూపాయికీ మధ్య సాగిన మారకపు రేటు. తెలంగాణ పెద్దల నోట రెండోదాని పేరు కల్దారు. సర్కారు కాగితాల మీద మొదటిది ఓ.ఎస్., అంటే ఉస్మానియా సిక్కా. రెండోది బి.జి., అంటే బ్రిటిష్ గవర్నమెంటు. 1947 తరువాత ఆ బి.జి.యే ఐ.జి., అంటే ఇండియన్ గవర్నమెంటు, అయింది.

తెలుగువాళ్లం ఒకే భాష మాట్లాడుకుంటూ రెండు రూపాయలతో బతికాం. నిజాం ఏలుబడిలోని మధిర సంతలో చెల్లే నాణెం వేరు, బ్రిటిష్ ఏలుబడిలోని నందిగామ సంతలో చెల్లే నాణెం వేరు. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగం, దాని చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. అక్కడ ఎటు నాలుగు కోసులు నడిచినా సుంకం వసూలుచేసే కరోడగిరి నాకా దాటాలి, రూపాయి మార్చుకోవాలి. ఇంత దగ్గరి వ్యవహారం మన చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపోతోంది. ‘ఏడు హాలీలకు ఆరు కల్దార్లు’ అని రాసి ముందుకు సాగిపోతాం. ఈ పూట ఆ వాక్యం దగ్గరే ఆగుదాం.

బ్రిటిష్ ఇండియాలో రూపాయి ఒకే తూకానికి వచ్చింది 1835 నాణేల చట్టంతో. అంతకుముందే, 1818లో, మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి రూపాయిని ప్రమాణంగా తీసుకుంది. నూరు వరహాలకు 350 రూపాయలన్నది అప్పటి లెక్క. దాంతో కోస్తా, రాయలసీమల్లో వరహాలు, పణాలు, కాసుల పాత పద్దులు క్రమంగా మూతపడ్డాయి. నిజాం రాజ్యంలో మాత్రం ఆ కాలానికి ఎన్నో రూపాయలున్నాయి. గద్వాల సంస్థానానికి దాని టంకశాల ఉంది. నారాయణపేటలో ఒకటి ఉంది. వనపర్తి సంస్థానపు సూగూరు నాణేలు ఈనాటికీ నాణేల సేకర్తల దగ్గర కనిపిస్తాయి. తూకం, మేలిమి ఒక్కో రూపాయికి ఒక్కో రకం. కనుక రూపాయి చేతిలో పడగానే షరాబు దాన్ని మోగించి, గీటి, తూచి చూసేవాడు. తగ్గిన మేరకు వట్టం కోసుకునేవాడు. వట్టం ఎంతన్నది నాణెంతోబాటు మనిషిని బట్టి కూడా ఉండేది. వచ్చినవాడికి తన రూపాయి గురించి ఎంత తెలుసో షరాబుకు బాగా తెలుసు.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగ్ ఈ గందరగోళం మీద చెయ్యి వేశాడు. జిల్లాల్లోని టంకశాలలను మూయించి, నాణేల ముద్రణను రాజధానికి చేర్చాడు. ఆయన సంస్కరణల్లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన జిల్లాబందీ గురించీ, న్యాయస్థానాల గురించీ అందరూ రాస్తారు. నా దృష్టిలో ఈ పని వాటికి తీసిపోదు. పన్ను ఏ రూపాయిలో కట్టాలో తెలియని రైతుకు పన్ను ఎంతో తెలిసినా లాభం లేదు.

రాజ్యంలో ఒకే రూపాయి చెల్లడం మొదలయ్యాక దాన్ని పక్క దేశపు రూపాయితో పోల్చడం కుదిరింది. అవి రెండూ వెండి నాణేలు. వెండి ధర పడితే రెండూ కలిసి పడతాయి, లేస్తే కలిసి లేస్తాయి. కనుక చాలాకాలం ఆ రేటు దాదాపు వెండి తూకపు లెక్కలోనే సర్దుకుంది. 1893లో ఈ జంట విడిపోయింది.

అప్పటికి ఇరవై ఏళ్లుగా ప్రపంచ మార్కెట్లో వెండి దిగజారుతూ ఉంది. 1870ల మొదట్లో లండన్‌లో ఔన్సు వెండి 60 పెన్నీల దగ్గర ఉండేది. 1902 నాటికి 24 పెన్నీల దగ్గరికి పడింది. ఇండియా ప్రభుత్వం ఇంగ్లండుకు బంగారు పౌన్లలో కట్టాల్సిన మొత్తాలు ఏటేటా బరువెక్కాయి. కరెన్సీ సమస్యను పరిశీలించిన హెర్షెల్ కమిటీ సలహా మీద 1893 జూన్ 26న బ్రిటిష్ ఇండియాలోని టంకశాలలు ప్రజలు తెచ్చే వెండిని నాణేలుగా కొట్టి ఇవ్వడం మానేశాయి. కొత్త రూపాయలు కరువై కల్దారు విలువ దానిలోని వెండిని దాటి పైకి లేచింది. ఆ శతాబ్దం ముగిసేసరికి అది 16 పెన్నీల దగ్గర నిలబడింది. 1902 ధరల్లో చూస్తే అందులోని వెండి తొమ్మిది పెన్నీలకు మించదు. కల్దారు ఇప్పుడు ప్రభుత్వం మాట మీద నిలిచిన రూపాయి. హాలీ ఇంకా వెండి మీద నిలిచిన రూపాయి. వెండి కుంగినకొద్దీ హాలీ కల్దారు ముందు తలవంచింది. రేటు నెలకొక తీరుగా కదిలింది.

ఆ కదలికలో ఎవరికి ఏమయిందో ఆలోచించండి. బొంబాయి నుంచి బట్ట, కిరసనాయిలు, ఇనుము తెప్పించే వర్తకుడు కల్దార్లలో కొంటాడు, హాలీలలో అమ్ముతాడు. రేపటి రేటు తెలియదు కనుక ఆ భయాన్ని కూడా ధరలో కలుపుతాడు. కొనేవాడికి రేటు సంగతే తెలియకపోవచ్చు. భయం ఖరీదు మాత్రం అతనే కడతాడు.

ఈ కదలికను దారికి తెచ్చింది నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆర్థిక శాఖ చూసిన కాసన్ వాకర్. 1903లో సైఫాబాద్ టంకశాల పని మొదలుపెట్టింది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో చార్మినారు బొమ్మతో యంత్రం మీద కొట్టిన కొత్త హాలీ రూపాయి బయటికి వచ్చింది. వెండి తెచ్చినవాళ్లందరికీ నాణేలు కొట్టి ఇవ్వడం కాకుండా, ఎన్ని రూపాయలు బయట తిరగాలో ప్రభుత్వమే చూసుకుంటూ, కల్దారుతో రేటును ఒక హద్దులో పట్టి ఉంచే పద్ధతి వచ్చింది.

ఆ చార్మినారు రూపాయి తూకం 11.178 గ్రాములు. అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి. కల్దారు తూకం 11.66 గ్రాములు, పన్నెండుకు పదకొండు పాళ్లు వెండి. లెక్క కట్టి చూస్తే ఏడు హాలీలలో 64 గ్రాముల వెండి ఉంటుంది, ఆరు కల్దార్లలోనూ 64 గ్రాములే ఉంటుంది. ఏడుకు ఆరు అన్న రేటు గాలిలోంచి పుట్టింది కాదు. రెండు నాణేలనూ కరిగిస్తే తేలే లెక్క అది.

పద్దుల్లో దీన్ని 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని రాసేవారు. అణాకు పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు, అంటే రూపాయికి 192 పైలు. ఇప్పటి విద్యార్థులకు ఈ లెక్క కొత్త కనుక కొంచెం నిదానంగా చెబుతాను. నేను చెప్పదలచిన సంగతంతా ఇందులోనే ఉంది.

ఒక కల్దారును హాలీలోకి మార్చండి. 192ను ఏడుతో గుణించి ఆరుతో భాగిస్తే 224 పైలు. రూపాయి రెండణాల ఎనిమిది పైలు. శేషం లేదు. కల్దారు అణాను మార్చండి, సరిగ్గా 14 పైలు వస్తుంది. అర్ధణాకు ఏడు పైలు. అక్కడా శేషం లేదు.

ఇప్పుడు తిరగేద్దాం. ఒక హాలీ రూపాయిని కల్దారులోకి మార్చండి. 192ను ఆరుతో గుణించి ఏడుతో భాగించాలి. 13 అణాల 8 పైలు వస్తుంది, పైన ఒక పైలో నాలుగు ఏడోవంతులు మిగులుతుంది. రెండు రూపాయలు మార్చినా శేషమే, ఐదు మార్చినా శేషమే. నెలకు 25 హాలీలు తెచ్చుకునే బడిపంతులు జీతం కల్దార్లలో 21 రూపాయల 6 అణాల 10 పైలు, మిగిలినది పైలో రెండు ఏడోవంతులు. నూరు హాలీలకు 85 రూపాయల 11 అణాల 5 పైలు, మిగిలినది ఏడోవంతు. రూపాయల్లో లెక్క తెగాలంటే చేతిలో ఉన్నది ఏడుకో, పద్నాలుగుకో, ఇరవైఒకటికో సరిగ్గా సరిపోవాలి. పదహారణాల రూపాయిని ఏ చిల్లరగా విడగొట్టినా అందులో ఏడు దూరదు. 192ను ఏడు భాగించదు.

కాగితం మీద ఈ రేటు ఇరువైపులకూ సమానం. గల్లా దగ్గర సమానం కాదు. కల్దారు తెచ్చినవాడు రూపాయికి రూపాయి రెండణాల ఎనిమిది పైలు లెక్కపెట్టుకుని వెళ్లిపోతాడు. హాలీ తెచ్చినవాడు చేతికందని ఏదో ఒక ముక్కను గల్లాలో వదిలిపోతాడు. పైలో నాలుగు ఏడోవంతులు చాలా చిన్న మొత్తమని మీరనవచ్చు. నిజమే, ఒక్కడికి చిన్నదే. మార్పిడి రోజూ జరిగే చోట, చిన్న మొత్తాలు మార్చుకునే బీదవాళ్లకు, అది వట్టం పైన మరో వట్టం. పెద్ద మొత్తం మార్చే సాహుకారుకు శేషం ఒక్కసారే. అదే మొత్తాన్ని రూపాయి రూపాయిగా మార్చుకునే వందమందికి వంద శేషాలు.

రాజ్యాల మధ్య లెక్కలకైతే ఈ బెడద లేదు. 1902లో వైస్రాయి కర్జన్ ఒత్తిడి మీద నిజాం బేరారు ప్రాంతాన్ని బ్రిటిష్ ప్రభుత్వానికి శాశ్వత కౌలుకు ఇచ్చాడు. ఏటా కౌలు 25 లక్షల కల్దార్లు. హాలీలో అది 29,16,666 రూపాయల 10 అణాల 8 పైలు, పై వరకూ తెగిన లెక్క.

ఇక్కడ నూటపదహార్ల మాట ఎత్తకపోతే మీలో చాలామంది సభ ముగిశాక నన్ను అడుగుతారు. శుభకార్యాల్లో 116 చదివించే ఆచారం ఈ మారకపు రేటు నుంచే వచ్చిందని, నూరు కల్దార్లకు సమానమైన హాలీ కనుక నూటపదహారు అయిందని పెద్దలు చెప్పగా మనమందరం విన్నాం. వినడానికి సొగసుగా ఉంది. నేను మాత్రం ఒప్పుకోలేను. ఆ ఆచారంలో 116 ఒంటరిగా రాలేదు. 16 ఉంది, 516 ఉంది, 1116 ఉంది. రేటు నుంచే వచ్చి ఉంటే వెయ్యికి 1166 రూపాయల 10 అణాల 8 పైలు చదివించాలి, 1116 కాదు. అయిదువందలకు 583 పైచిలుకు కావాలి. ఆచారం ఏ మొత్తం మీదైనా పదహారే కలుపుతోంది, రేటు ఆరోవంతు కలుపుతుంది. హాలీ ఎన్నడూ చెల్లని గోదావరి జిల్లాల్లోనూ, కడపలోనూ ఈ ఆచారం ఉంది. పదహారణాల నిండు రూపాయి మీద మన జాతికున్న మక్కువే ఆ పదహారుకు చాలినంత కారణం. ఈ కథ ఇంతగా పాకడంలో మాత్రం నాకొక చరిత్ర కనిపిస్తుంది. నూరుకు నూటపదహారున్న రేటు జనం మనసులో ఎంత గట్టిగా నాటుకుని ఉంటే, దానితో సంబంధం లేని ఆచారానికి కూడా దాన్నే మూలంగా చెప్పుకుంటారు!

కల్దారుతో ముడిపడ్డాక హాలీ ఇంగ్లండు పౌనుతోనూ ముడిపడింది. ఆ సంగతి నల్లగొండ ఆముదాల రైతు దగ్గర చూద్దాం. హైదరాబాదు రాజ్యపు ఆముదాలు విదేశాలకు వెళ్లేవి, వాటి ధర పౌన్లలో పలికేది. రూపాయి 16 పెన్నీలుగా ఉన్నప్పుడు ఒక పౌనుకు 15 కల్దార్లు, అంటే పదిహేడున్నర హాలీలు. కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ సిఫారసుతో 1927లో రూపాయిని 18 పెన్నీలకు ఖాయం చేశారు. పౌనుకు వచ్చేది 13 కల్దార్ల 5 అణాల 4 పైలే అయింది. హాలీలో పదిహేనున్నర పైచిలుకు. కమిషన్ సభ్యుడు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 16 పెన్నీలే ఉండాలని వాదిస్తూ భిన్నాభిప్రాయం రాశారు. ఎగుమతి పంట పండించే రైతుకు తొమ్మిదోవంతు రాబడి పోతుందన్నది ఆ వాదంలోని లెక్క. బ్రిటిష్ ఇండియాలో దీని మీద సభలు జరిగాయి, శాసనసభలో చర్చ జరిగింది. నల్లగొండ రైతు ఆ శాసనసభకు ఓటరు కాడు. అతని రాజ్యానికి సొంత రూపాయి ఉంది, ఆ రూపాయి పౌనుకు ఎన్ని అన్నది మాత్రం వేరే రాజ్యం నిర్ణయించింది. సొంత నాణెం ఉండటం వేరు, దాని విలువ మీద సొంత అధికారం ఉండటం వేరు.

కాగితపు కరెన్సీ గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి ధర ఒక్కసారిగా పెరిగింది. నాణేన్ని కరిగిస్తేనే లాభమన్న స్థితి వచ్చింది. అమెరికా తన ఖజానాలోని వెండిని పిట్‌మన్ చట్టం కింద 1918లో అమ్మితే గాని ఇండియా ప్రభుత్వం గట్టెక్కలేదు. అదే ఏడు హైదరాబాదు కాగితపు కరెన్సీ చట్టం వచ్చింది. ఆ నోట్లను ఇంగ్లండులో అచ్చువేశారు. వాటి మీద ఉర్దూతోబాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లో కూడా విలువ రాసి ఉండేది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1940 తరువాతి కాలం. ఆ సంవత్సరం ఇండియా ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 1947కల్లా కల్దారు నికెలు బిళ్ల అయింది. అరవైనాలుగు గ్రాములకు అరవైనాలుగు గ్రాములన్న పాత సమానత్వంలో ఒక పక్షం మాయమైంది. అయినా ఏడుకు ఆరు కదలలేదు. పద్దుల్లో అదే 116-10-8. 1941 చట్టంతో ఏర్పడి 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు కరెన్సీ చూసుకునే బాధ్యత అప్పగించారు. వెండి పుట్టించిన రేటును ఇప్పుడు ప్రభుత్వం, బ్యాంకు, జనం అలవాటు కలిసి నిలబెడుతున్నాయి. రేటు దాని మూలకారణం కన్నా ఎక్కువకాలం బతికింది.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాక కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి వంటి లోహాల ఎగుమతిని కట్టడి చేసింది. రెండోది రాజ్యంలో భారత కరెన్సీకి చట్టబద్ధమైన చెల్లుబాటు లేదంది. పాకిస్తాన్‌కు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వడం కూడా అప్పుడే బయటపడింది. ఢిల్లీ ఈ మూడింటినీ ఒప్పంద ఉల్లంఘనలుగా ఎత్తిచూపింది. ఆ కలహంలో రేటును ఎవరూ ముట్టుకోలేదు. రూపాయి గడప దాటవచ్చునా అన్నదే తగవు. సరిహద్దు తాలూకాలవాళ్లకు రెండు రూపాయలూ చేతిలో ఉండటం నిత్యావసరం. సంతకు వెళ్లడానికి పనికొచ్చే నాణెం ఒక్కసారిగా రాజకీయమైంది.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత 1950 ఏప్రిల్ 1న సమాఖ్య ఆర్థిక విలీనం జరిగింది. సైఫాబాద్ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఆ దశాబ్దంలో హాలీ విడతలుగా చెలామణి నుంచి తప్పుకుంది. మార్చి ఇచ్చిన రేటు అదే, ఏడుకు ఆరు.

ఈ మార్పిడిలో ఇందాకటి అసమానత్వం మరింత పెద్ద రూపంలో తిరిగి వచ్చింది. ఒక హాలీ రూపాయికి అమ్మే సరుకును దుకాణదారు ఒక ఐ.జి. రూపాయికే అమ్మితే, అంకె మారలేదు కాని ధర ఆరోవంతు పెరిగింది. గుమాస్తా జీతంలో మాత్రం అంకె ఏడోవంతు తగ్గింది. లెక్క ప్రకారం అతనికి అన్యాయం జరగలేదు, అతని జీతం విలువ అంతే ఉంది. కానీ ధరల అంకెలు నిలిచిపోయి జీతం అంకె తగ్గినచోట అతను నిజంగానే నష్టపోయాడు. కరెన్సీ ఏకమైన ప్రతిచోటా చిల్లర ధరలను సరిగ్గా మార్చించడం ప్రభుత్వం చేయవలసిన మొదటి పని అని నా అభిప్రాయం. రేటును గెజెట్‌లో అచ్చువేయడంతో ఆ పని తీరదు.

పరిశోధక విద్యార్థులతో ప్రత్యేకంగా ఒక మాట. 1950కి ముందు తెలంగాణ భూమిశిస్తు, కూలి రేట్లు, జీతాలు, విద్య మీద ఖర్చు, ఇవన్నీ ఓ.ఎస్. రూపాయల్లో ఉంటాయి. అదే కాలపు కృష్ణా, గుంటూరు అంకెలు కల్దార్లలో ఉంటాయి. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చిన వ్యాసాలు నేను ఎన్నో చదివాను. మార్చి పోల్చినవి కొన్నే. మార్చకుండా పోల్చితే తెలంగాణ పన్ను అసలు కన్నా ఆరోవంతు ఎక్కువగా కనిపిస్తుంది. అలాగే కూలి ఆరోవంతు ఎక్కువగా కనిపిస్తుంది, బడి ఖర్చూ అంతే. మొదటి తప్పు ఒకరి వాదానికి పనికొస్తుంది, రెండోది ఇంకొకరి వాదానికి. రెండు ప్రాంతాల మధ్య ఇన్నేళ్లు ఇంత వాదన జరిగిన చోట ఆరోవంతు చిన్న పొరపాటు కాదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బ్రిటిష్ ఇండియా నుంచి అరువు మీద వచ్చిన అధికారుల జీతాలు బి.జి.లో ఉండేవి. స్థానికుల జీతాలు ఓ.ఎస్.లో ఉండేవి. ఒకే శాఖ పద్దులో, ఒకే పుటలో రెండు రూపాయలూ కనిపించవచ్చు. నిలువు గడి పైన ఉన్న ఆ రెండక్షరాలు చూడకుండా మొత్తం కూడితే వచ్చే అంకె ఏ రూపాయిదీ కాదు. చార్మినారు రూపాయి రాకముందటి పద్దులైతే ఏడుకు ఆరు కూడా నమ్మవద్దు. ఆ ఏడాది, ఆ నెల ఏ రేటు నడిచిందో వెతికి పట్టుకోండి. సాహుకార్ల బహీఖాతాల్లో, సంస్థానాల దఫ్తరాల్లో అది దొరికే అవకాశం ఉంది. గద్వాల, వనపర్తి, నారాయణపేట ప్రాంతాల పాత కుటుంబాల్లో అలాంటి పుస్తకాలు ఇంకా ఉన్నచోట, చెదలు వాటిని చేరకముందే ఎవరైనా వెళ్లి రేట్లను తేదీల వారీగా ఎత్తి రాయాలి. ఈ ఉపన్యాసాన్ని జరిపే ధర్మనిధి నుంచి ఒక విద్యార్థికి ఆ పని కోసం సహాయం అందించమని నిర్వాహకులను కోరుతున్నాను.